తెర వెనక మూడు నిమిషాలు

ఎడమ చెవే ఎందుకంటే వదినది కుడిచేతి వాటం, ఎదురుగా కూర్చుంటే ఆ చేతికి ముందు అందేది కుక్క ఎడమ చెవే, ఇంత చిన్న లెక్క పదిహేను రోజులుగా నాకు తట్టలేదు, పొద్దున జుట్టు సర్దుకుందామని చెయ్యెత్తితే నా కుక్క బొంగరం ఆ ఒక్క చెవినే మెడకి అతికించుకుని తల పక్కకి వాల్చేశాడు, పురుగేదైనా దూరిందేమోనని టార్చి వేసి మరీ చూశాను, ఇరవై రెండేళ్లుగా కుక్కలకి పాఠాలు చెబుతున్నదాన్ని, చెవిలో పురుగుని వెతికాను గాని చెవిని మెలిపెట్టిన చేతిని వెతకలేదు, ఆ చెయ్యి ఇప్పుడు నా మోచేతికి తగులుతోంది, ఈ పచ్చ తెర వెనక ఆరుగురం గోడకి ఆనుకుని నిలబడ్డాం, అవతల పోటీ హాలు మధ్యలో మా ఆరు కుక్కలు వరసగా కూర్చున్నాయి, మేం కనపడకుండా మూడు నిమిషాలు, లేవకపోతే నెగ్గినట్టు, పట్టా చేతికొచ్చినట్టు, లేస్తే సున్నా, గడియారం పట్టుకున్నాయన ఇప్పుడే బొత్తం నొక్కాడు, వదిన నా వైపు వంగి, కదలడులే అమ్మాయ్, నిశ్చింతగా ఉండు, అంది, అంత ధీమా ఎలా వచ్చిందో అరగంట క్రితమే తెలిసింది నాకు, టీ మిషను దగ్గర, మా దగ్గర నేర్చుకునే బేకరీ ఆవిడ కప్పు ఊదుకుంటూ, టీచర్, ఆ చెవి పట్టుకునే పద్ధతి మాకూ చూపించండి, మీవాడికి పెద్ద టీచరుగారు, మీ వదినగారు, పది రోజుల్లో నేర్పేశారంటగా, షెడ్డు వెనక సన్నతాడు కట్టి, లేస్తే తాడు లాగి, వచ్చి చెవి మెలిపెట్టి, మావాడు బిస్కెట్లకి లొంగే రకం కాదు టీచర్, అంది, చాలా మామూలుగా, పిండి ఎంతసేపు నాననివ్వాలని అడిగినట్టు, చూపిస్తాలెండి అన్నాను, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, మర్యాద మాత్రం తప్పలేదు.

వదినా నేనూ కుక్కలకి నేర్పే మా షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, చెయ్యి తినిపించడానికే, అని, రాసింది వదినే, నిచ్చెన పట్టుకున్నది నేను, పద్దెనిమిదేళ్లయింది, అంతకుముందు కుక్క ఎదురైతే వీధి మార్చే మనిషి వదిన, నా పాత కుక్క పక్కన కూర్చోబెట్టి, ఇవాళ తోక ముట్టుకో వదినా, రేపు వీపు ముట్టుకుందువుగాని, అంటూ ఆ భయం పోగొట్టింది నేనే, భయం పోయాక కుక్కలతో నాకంటే బాగా పరిగెత్తింది, దూకే అడ్డకర్రలు, వంకర్లు తిరిగే గుంజల వరస, ఎక్కి దిగే వాలుబల్ల, అన్నీ అన్నయ్య చేసిపెట్టాడు, నాకు కుక్కలంటే భయం లేదమ్మా, మీ ఇద్దరూ ఒక మాట మీద ఉంటేనే భయం, అనేవాడు, వదినా ఆడపడుచులు ఇన్నేళ్లు ఒక్క గేటు తాళంతో ఎలా నెట్టుకొస్తున్నారని చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు, ఆవిడ పరుగు నేర్పేది, నేను కూర్చోవడం నేర్పేదాన్ని, ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి, తిరిగి రండి, రెండడుగులు వెయ్యండి, తిరిగి రండి, వస్తారో రారో అన్న అనుమానం దానికి పుట్టకముందే వచ్చెయ్యండి, అది కూర్చునేది మీరు కూర్చోమన్నందుకు కాదు, మీరొస్తారని, అంటూ ఉంటే వదిన వెనకనుంచి, మీ టీచరు కుక్క దగ్గరికైతే చెప్పిన టైముకి వస్తుంది, మార్కెట్టుకి పంపితే మాత్రం మనం అన్నం తినేసి పడుకోవచ్చు, అనేది, అందరూ నవ్వేవాళ్లు, నేను కూడా, ఆ మనిషికే నా మోకాలి ఆపరేషనప్పుడు బొంగరాన్ని అప్పజెప్పాను, మీద పడి దూకుతాడని, ఆరు వారాలు, ఊరికే నడిపిస్తూ ఉండు చాలు వదినా, అన్నాను, గేటు దగ్గర వాడు తన చుట్టూ తాను రెండుసార్లు తిరిగాడు, సంతోషమొస్తే అలా తిరుగుతాడు, అందుకే ఆ పేరు, నేను కారెక్కడం కూడా ఏదో ఆటే అనుకున్నాడు పాపం.

ఒక నిమిషం అయిందని గడియారమాయన వేలు చూపించాడు, నేను గోడకున్న మేకుని చూస్తూ, వదినా, వాడి చెవి పట్టుకున్నావా, అన్నాను, ఎవరు చెప్పారు, అంది, లేదు అనలేదు, ఛ అనలేదు, ఎవరు చెప్పారు అంది, దాంతో అరగంటగా నాలో కొట్టుమిట్టాడుతున్న ఆ కాస్త ఆశ, బేకరీ ఆవిడ పొరపాటు పడి ఉంటుందిలే అన్న ఆశ, చప్పున చల్లారిపోయింది, గడియారమాయన కళ్లెర్ర చేస్తే ఇద్దరం బళ్లో పిల్లల్లా నోళ్లు మూసుకున్నాం, ఆయన తల తిప్పగానే ఆవిడే గుసగుసగా, మూడుసార్లు పట్టా పోయింది అమ్మాయ్, మూడుసార్లూ ఇంటికెళ్లి తలుపేసుకున్నావు, టీచరుగారి కుక్కే కూర్చోదట, ఇక మాకేం నేర్పుతారట, అని నా మొహం మీదే అన్నారు, ఎన్నాళ్లు వినమంటావు, నీ కోసమే చేశాను, అంది, మరి నాతో ఎందుకు చెప్పలేదంటే, చెబితే చెయ్యనిచ్చేదానివా, అంది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో చెప్పినంత తేలిగ్గా, అన్నయ్యకి తెలుసా అన్నాను, తాడుకి కొక్కెం బిగించిందే ఆయన, అంది, కుక్కల పాదాలు గీరుకుంటాయని వాలుబల్ల అంచులు గరుకుకాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసే అన్నయ్య, ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని, వాడికేం, హాయిగా ఉన్నాడు, నువ్వు కాలు సంగతి చూసుకో, అని బత్తాయి ఒలిచిపెట్టిన అన్నయ్య, ఆ చేతులకి అప్పటికి కొక్కెం తుప్పు అంటి ఉందో కడుక్కుని వచ్చాడో, ఆ తొనలు నేను తిన్నాను, తియ్యగా ఉన్నాయని కూడా అన్నాను.

రెండు వేళ్లు చూపించాడు, రెండు నిమిషాలు, వాడెప్పుడూ లేచేది ఇక్కడే, మొదటిసారి తెర కిందనుంచి ముందు ముక్కు వచ్చింది, తర్వాత మొహమంతా, ఇక్కడున్నావా అన్నట్టు, హాలు హాలంతా నవ్వింది, నేను మొహం కందగడ్డ చేసుకుని గొలుసు తగిలించాను, అప్పుడూ ఒక చుట్టు తిరిగాడు, సిగ్గులేనివాడు, ఇప్పుడు చెవులు రిక్కించి వింటున్నాను, చెక్కనేల మీద గోళ్ల టిక్కుటిక్కు కోసం, లేరా నాన్నా, ఒక్కసారి లే, పట్టా పోతే పోయింది, అవతల ఏదో చిన్న కుక్క కూని రాగం తీస్తోంది, వాడిది కాదు, వాడి చప్పుడే లేదు, ఊతకర్ర పట్టుకుని నేను షెడ్డుకి తిరిగి వెళ్లిన రోజు కూడా ఇంతే, మూడు నిమిషాలు బొమ్మలా కూర్చున్నాడు, చూసి నా కళ్లు చెమర్చాయి, చూశారా ఓపికంటే ఇదీ అని నేర్చుకునేవాళ్లందరికీ చెప్పాను, చప్పట్లు కొట్టించాను, వదిన కూడా కొట్టింది, వాడి చెవులు వెనక్కి వాలి ఉన్నాయి, నాలుక ఊరికే ముక్కు మీదికి వస్తోంది, ఈ రెండూ భయానికి గుర్తులని మొదటి రోజు క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని నేను, ఎవరి కుక్కలో కనపడినా షెడ్డు ఆ చివరనుంచి అరిచి ఆపేదాన్ని, నా కుక్కలో చూసి శ్రద్ధ అనుకున్నాను, ఆ రోజు నన్ను చూసి తిరగలేదు, పెద్దవాడయ్యాడులే అనుకున్నాను, ఇవాళ అడ్డకర్రలన్నీ తప్పు లేకుండా దూకి వచ్చి కూడా తిరగలేదు, అలిసిపోయాడులే అనుకున్నాను, ప్రతిదానికీ ఒక అనుకున్నాను దొరికింది నాకు, వదిన నా కళ్లు కప్పిందని అరగంటగా కుమిలిపోతున్నాను గాని, కప్పడానికి ఆవిడకి పెద్ద దుప్పటేమీ అవసరం కాలేదు.

టైమైంది, వెళ్లండి, అన్నాడు, తెర పక్కకి జరిగింది, వెలుతురు, ఆరు కుక్కలు, వదినది తోకతో నేల ఊడుస్తోంది, వాడు మూడోవాడు, కూర్చున్నాడు, ఈ చివరినుంచి అక్కడికి నడిచి వెళ్లి వాడి పక్కన నిలబడాలి, జడ్జి చాలు అనేదాకా పిలవకూడదు, అంతే, పదిహేను అడుగులు, పట్టా నాది, మోకాలు కలుక్కుమంటోంది, వాడు నా మొహం చూడటం లేదు, నా కుడిచెయ్యి చూస్తున్నాడు, అది ఊగుతున్న కొద్దీ వాడి కళ్లు దాని వెంటే, నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని సగం దారిలో ఆగిపోయాను, వెనకనుంచి వదిన, అమ్మాయ్, నడు, అంది, నేను వంగి, రా, అన్నాను, బొంగరం, రా, జడ్జి కలం ఆగింది, ఎవరో అయ్యో అన్నారు, పట్టా పోయింది, సరే, ఇక వచ్చెయ్, వాడు రాలేదు, ముందుకాలు ఒకటి కాస్త లేచింది, చెవి మెడకి అతుక్కుంది, నా నోటి వైపు ఒకసారి, నన్ను దాటి వదిన చేతి వైపు ఒకసారి చూసి ఆ కాలు మళ్లీ నేల మీద పెట్టేశాడు, అప్పుడు తెలిసింది, ఆ మూడుసార్లూ వాడు లేచింది కూర్చోవడం చేతకాక కాదు, నేను రాకపోయేసరికి వెతుక్కుంటూ లేచాడు, తెర వెనక దొరికినందుకు సంతోషపడి తిరిగాడు, దానికి సున్నా అని పేరు పెట్టి ఇంటికెళ్లి తలుపేసుకున్నది నేను, మూసిన ఆ తలుపు చూసే వదిన తాడు కట్టింది, అన్నయ్య కొక్కెం బిగించాడు, అందరం కలిసి నేర్పేశాం, ఏడడుగుల దూరంలో నిలబడి చేతులు చాపి పిలుస్తున్నా వాడిక నన్ను వెతకడు.