నాళంలోకి దించిన దీపం

గుండెలోని గదినిఁ గొలువున్న యో దేవి,
చూపు లేని కంటఁ జూపు నీవె;
మాట రాని గొంతు మాటవై నిలువుమా,
కరుణఁ జూడు మమ్ముఁ గన్నతల్లి.

ఉతికిన దుప్పట్లు మేడమీద ఆరవేయడానికి అత్తాకోడళ్లిద్దరూ చెరొక బకెట్టు పట్టుకొని మెట్లెక్కుతున్నారు. సగం దారిలో అత్తగారు ఆగి, గోడకు ఒక చేయి ఆనించి, రెండవ చేతితో రొమ్ము నొక్కుకున్నారు.

"నువ్వెళ్లమ్మా. కాస్త గాలి పీల్చుకుని వస్తాను."

"నొప్పి మళ్లీ వస్తోందా అత్తయ్యా?"

"గ్యాసేలే. అబ్బాయికి చెప్పకు. స్టెంటు వేయించినా నీ సణుగుడు తగ్గలేదా అంటాడు."

కోడలు బకెట్టు దించింది. ఆమె గుండె వైద్యురాలు. అందులోనూ ఆమె విద్య ప్రత్యేకమైనది. యాంజియోగ్రామ్ రక్తం పారే దారి నీడను మాత్రమే చూపుతుంది. నీడను చూసి గోడ బలం చెప్పలేము కదా. అందుకని ఆమె సన్నని దీపపు తీగను నాళంలోకే దించి, గోడలో సున్నం ఎక్కడ గడ్డకట్టిందో, స్టెంటనే జల్లెడ గొట్టం పూర్తిగా విచ్చుకున్నదో లేదో లోపలినుండి చూస్తుంది. ఆసుపత్రి నర్సులు ఆమెను 'లోచూపు డాక్టరమ్మ' అని పిలుచుకుంటారు.

అంతటి మనిషి, అత్తగారికి స్టెంటు వేసిన నాడు ఎక్కడ ఉన్నది? వరండాలో ఫ్లాస్కు పట్టుకొని, పరామర్శకు వచ్చినవారికి కాఫీ పోస్తూ ఉన్నది. "నువ్వు లోపలికెందుకు? పెద్దాయన చేస్తున్నారుగా. వచ్చినవాళ్లని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు భర్త. పెద్దాయన ఆమె విభాగానికి అధిపతి. భర్తకు చిన్ననాటినుండి ఎరిగిన మనిషి. దీపపు తీగ వేసి చూద్దామండీ అని ఆమె అడిగితే, ఆయన చిరునవ్వుతో, "ఇల్లు ఊడ్చినట్టు ప్రతి మూలా తొంగిచూస్తానంటే ఎలాగమ్మా? నా కన్ను చాల్లే" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మెట్లమీద అత్తగారి నాడి పట్టి చూస్తుంటే ఆమెకు ఆ నవ్వే గుర్తుకొచ్చింది.

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. అతడు చెప్పులు విప్పుతూనే, "మళ్లీ మొదలెట్టావా? ఆయన మీద తప్పు పడితే నీ ఉద్యోగం ఉంటుందా? అమ్మకి వయసైంది. వయసుకి మందుందా?" అన్నాడు. మరునాడు పెద్దాయనతోనూ చెప్పింది. "అత్తాకోడళ్లకి ఇంత ప్రేమేమిటమ్మా, నాకు అనుమానంగా ఉంది" అని ఆయన హాస్యమాడి, గ్యాసు మాత్రలు రాసి పంపారు.

ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. లోపల చూస్తే ఏ దోషమూ లేదనుకో, ఇంటా బయటా ఆడిపోసుకుంటారు. దోషం ఉన్నదనుకో, అప్పుడు మాత్రం మెచ్చుకుంటారా? పెద్దల తప్పెన్నిన పిల్ల అంటారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ రెండింటి నడుమ ఉన్నది అత్తగారి గుండె. సగమే విచ్చుకున్న స్టెంటులో నెత్తురు గడ్డకట్టిందంటే, మెట్లమీద ఆగిన ఆ మనిషి ఇక లేవకపోవచ్చు. ఈ సంగతి తెలిసిన గొంతు ఆ ఇంట్లో ఒక్కటే. ఆ గొంతును ఊరకుండమంటున్నారు. మరి ఇన్నేళ్లూ ఊరకుండడాన్ని తాను వినయమని ఎట్లా నమ్మింది? అన్నం వడ్డించేటప్పుడు, నెలజీతం భర్త చేతిలో పెట్టేటప్పుడు, తనకు తెలిసినదాన్ని తెలియనట్టు మింగేటప్పుడు అణకువ అన్న పేరు ఎంత తియ్యగా వినిపించేది. దాని అసలు పేరు భయమని ఆ రాత్రి తెలిసింది.

తెల్లవారాక అత్తగారి పక్కన కూర్చొని, దాపరికం లేకుండా అంతా చెప్పింది. చూడడంలోనూ కొంత ప్రమాదం ఉన్నదని చెప్పింది. "నా స్నేహితురాలు వేరే ఆసుపత్రిలో గుండె డాక్టరు. తీగ తను దించుతుంది. నేను బొమ్మ చదువుతాను. మీ అబ్బాయి ఒప్పుకోరు."

"గుండె వాడిదా, నాదా?"

"మీదే అత్తయ్యా."

"అయితే చీర మార్చుకుని వస్తాను, ఉండు."

ఆ ఆసుపత్రిలో స్నేహితురాలు తీగను దించింది. కోడలు తెర ముందు కూర్చున్నది. నాళం గోడలో సున్నం ఉంగరంలా బిగుసుకొని, దాని నడుమ స్టెంటు సగం తెరిచిన గొడుగులా నలిగి ఉన్నది. యాంజియోగ్రామ్‌లో నున్నగా కనబడిన చోటే అది. కోడలు కొలతలు ఒక్కొక్కటే పైకి చదివి చెప్పింది. స్నేహితురాలు శబ్దతరంగాలతో సున్నాన్ని పగులగొట్టి, బుడగతో స్టెంటును విప్పి, మళ్లీ దీపం దించింది. దారి గుండ్రంగా తెరుచుకున్నది.

భర్త వచ్చేసరికి అత్తగారు మంచంమీద మేలుకొని ఉన్నారు. అతడు భార్యవైపు తిరిగి, "ఎవర్నడిగి చేయించావు?" అన్నాడు.

"నన్నడిగింది" అన్నారు అత్తగారు. "మొన్న సంతకం నువ్వు పెట్టావు. ఇవాళ నేను పెట్టాను."

అతడు తెరమీది బొమ్మలు రెండూ, స్టెంటు విప్పకముందుదీ విప్పాకదీ, చూశాడు. గొంతు తగ్గించి, "సరే, గండం గడిచింది. ఈ బొమ్మలు మాత్రం బయటపెట్టకు. ఆయన పరువు పోతుంది" అన్నాడు.

"వచ్చే డాక్టర్ల సమావేశంలో చూపిస్తాను. ఆయన చేతిలో ఇంకా ఎన్ని గుండెలున్నాయో మీకు తెలుసుగా" అన్నది కోడలు. అతనితో ఆమె అంత నిబ్బరంగా మాట్లాడటం, అంత మాట అనటం అదే మొదలు. తరువాత అత్తగారివైపు చూసింది. "మీరు సరేనంటేనే అత్తయ్యా."

"చూపించు. నేనూ వస్తాను" అన్నారు ఆవిడ. "బొమ్మ ఇరుకు చూపిస్తుంది. నొప్పి సంగతి ఎవరు చెబుతారు?"

సమావేశంలో తానూ అత్తగారూ, ఇద్దరూ మాట్లాడతారని కోడలు ఆ పూటే నిర్వాహకులకు కబురు పంపింది.

ఈ కథ విన్నవారికి, వినిపించినవారికి ఆ తల్లి ఆయురారోగ్యాలిచ్చి కాచుగాక. నొప్పి అన్నప్పుడు నమ్మే మనిషి ప్రతి ఇంటా ఒక్కరైనా ఉందురుగాక.