కేకుల అవ్వ పేరు

బ్యాంకాక్ నగరం నడుమ, నది ఒడ్డున ఉన్న పాత క్రైస్తవ పల్లె కుడీచీన్‌లో ఆ ఉదయం లందువన్ పొయ్యి వెలిగించలేదు. నలభై ఏళ్లు అక్కడ కేకులు కాల్చి అమ్మిన ఆమె తల్లి తెల్లవారుజామున కన్నుమూసింది.

పల్లె చూడవచ్చిన ఒకావిడ గుమ్మంలోకి తొంగిచూసింది.

"పిన్నీ, ఇవాళ కేకుల్లేవా? పోనీ, అవ్వని ఒక్క ఫొటో తీసుకోనా?"

"అవ్వ పోయిందమ్మా! ఇకనైనా వదిలేయండి," అంది లందువన్ విసురుగా. వచ్చినవాళ్లంతా పాత గోడల్ని తీసినట్టే తల్లినీ ఫొటో తీసుకుని వెళ్లేవారు.

ఆవిడ కెమెరా సంచిలో పెట్టేసి, చెప్పులు విడిచి లోపలికొచ్చి అవ్వని పడుకోబెట్టిన మంచం పక్కన మోకరిల్లింది.

"క్షమించండి పిన్నీ. ప్రార్థనలో తలుచుకుంటాను, అవ్వ పేరేంటి?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లే లేరు. పొద్దుటినుంచీ రాని ఏడుపు లందువన్‌కి ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

"ప్రయోంగ్," అంది వెక్కుతూ. "చర్చిలో పెట్టిన పేరు రోజా."