నీలం చెప్పులు

గుమ్మం ఊడుస్తుంటే పాప చెప్పులు కనబడలేదు. ఆయన బూట్లున్నాయి, అత్తగారివీ నావీ ఉన్నాయి. ఆ చిన్న నీలం చెప్పుల చోటు ఖాళీ. ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టుకోను? ఆ విద్య నేర్పింది నేనే.

పిల్లల ఆరోగ్య శాఖలో ఇంటింటికీ తిరిగే కార్యకర్తలకు నేను శిక్షణ ఇస్తాను. అయిదేళ్ళు నిండేలోపు ప్రతి బిడ్డనూ చూడాలి, ఆటిజం లాంటివి ఉంటే థెరపీ ఉచితం. అయిదు దాటితే లేదు. అదీ కొత్త విధానం. "పిల్లల్ని దాచేవాళ్ళు నోటితో లేరనే అంటారు, మీరు గుమ్మం దగ్గర చెప్పులు చూడండి" అని చెబుతాను. ఒకరోజు భోజనాల దగ్గర ఈ మాటే గొప్పగా చెప్పాను. ఆయన నవ్వారు. అత్తగారు గుర్తుపెట్టుకున్నారు.

పాపకు వచ్చే నెల అయిదు నిండుతాయి. ఇవాళ మా వీధి వంతు.

"చెప్పులేవి అత్తయ్యా?"

"అటక మీద పెట్టాన్లే. పిల్లల్ని చూడ్డానికొచ్చే ఆ అమ్మాయి వెళ్ళాక తీద్దాం. మా అబ్బాయికీ నాలుగేళ్ళదాకా మాటల్లేవు. ఇప్పుడు చూడు, నోరు ఊరుకుంటుందా?"

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "ఒకసారి పిల్లకి జబ్బు పేరు పెట్టేశారంటే ఇక పోదు. నీ ఆఫీసు ఆఫీసులోనే వదిలేసి రా. ప్రతిదానికీ ఎమోషనల్ అయిపోతావు."

నేను ఏడవను కూడా లేదు. పాప గౌన్ల మెడ వెనక లేబుళ్ళు గుచ్చుకోకుండా కత్తిరించేది నేను, మిక్సీ వేసేముందు దాని చెవులకు తువ్వాలు చుట్టేది నేను, బడివాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడేది నేను. ఇంత చేసి, నా భయాన్ని కూడా ఎవరికీ వినబడకుండా నేనే మింగాలి. మింగుతూనే ఉన్నాను. ఆఫీసులో కూడా పాప ఊసెత్తలేదు. నాలాంటి తల్లులకు మాత్రం మనసు విప్పి మాట్లాడమని పాఠాలు చెబుతాను, సిగ్గులేకుండా.

బెల్ మోగింది. ఆయన లేచి పాప గది తలుపు మూశారు.

గుమ్మంలో నా దగ్గర నేర్చుకున్న అమ్మాయే. "మేడమ్, మీ ఇల్లా ఇది?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చారు. "చిన్నపిల్లలెవరూ లేరమ్మా ఇంట్లో."

ఆ అమ్మాయి నేను నేర్పినట్టే కిందికి చూసింది. మూడే జతలు. "సరే మేడమ్, వస్తాను" అని వెనక్కి తిరిగింది.

"ఆగు."

స్టూలు లాగి అటక కింద వేసుకుని ఎక్కాను. "ఏం చేస్తున్నావు? పరువు తీస్తావా?" అన్నారు ఆయన. పాత దుప్పట్ల వెనక చెయ్యి పెట్టి చెప్పులు తీశాను. గుమ్మం దగ్గర వాటి చోట వాటిని పెట్టి, వెళ్ళి గది తలుపు తీశాను. పాప ఎవరి మొహం వైపూ చూడకుండా నేరుగా వచ్చి, నేను వంకరగా పెట్టిన ఎడమ చెప్పును సరిచేసింది.

"నోటిమాట నమ్మొద్దని చెప్పానా లేదా?" అన్నాను ఆ అమ్మాయితో. "మా ఇంట్లోనూ నమ్మకు. లోపలికి రా."