యోడర్ ముద్రచెక్క

"ఒప్పుకున్నారయ్యో! ఒప్పుకున్నారు!"

ఫ్రేనీ కేక కొండ మలుపు దగ్గరి నుంచే వినిపించింది. యోడర్ బొగ్గుల బట్టీ మీద తడిమన్ను కప్పుతూ, పొగ తన్నుకొచ్చిన చోటల్లా పార వెనక్కి తిప్పి చరుస్తున్నాడు. ఆమె గౌను అంచులు పైకెత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ముక్కు కొసన పిండి. ఒప్పుకుంటారో లేదో తెలియకుండానే రాత్రి రొట్టెలపిండి కలిపి పులియబెట్టేసిన మనిషి.

"ఈ పూట ఊరి పొయ్యిలో మనకూ వంతు ఉందట. మోరిట్స్ మామే చెప్పాడు. పదవయ్యా, నిలబడిపోయావేం?"

"బట్టీ..."

"బట్టీ ఎక్కడికీ పోదు. పిండి పొంగి తొట్టి దాటుతోంది!"

వాళ్ళ పెళ్ళినాడు కురిసిన మంచు ఇంకా కరగలేదు.

యోడర్ కుర్రతనంలో ఒక బట్టీ కుంగి నిప్పుల్లో పడ్డాడు. ముఖం సగం కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టుంటుంది. పెదవి ఒక పక్కకు లాక్కుపోయి పళ్ళు బయటపడ్డాయి. ఒక కంటికి రెప్ప లేదు. దానికి తోడు గుమ్మాల్లో పట్టని ఒళ్ళు. అతను దిగి వస్తుంటే ఊళ్ళో తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. బొగ్గు మాత్రం వీధిలో దింపించుకునేవాళ్ళు. మంచు బరువుకి ఊరి పొయ్యి కప్పు కూలినప్పుడు, ఆ రాళ్ళెత్తే బలం అతనొక్కడికే ఉంది. మళ్ళీ కట్టాడు. కూలి అడగలేదు, వంతు అడిగాడు.

ఆ పొయ్యిలో అన్ని ఇళ్ళ రొట్టెలూ కలిసే కాలతాయి. ఎవరివేవో తెలియడానికి, కాల్చేముందు పిండి మీద అద్దే ముద్రచెక్క ఒకటి ప్రతి ఇంటికీ ఉంటుంది. యోడర్ తన చెక్క మీద బట్టీని, దాని పైన పొగను చెక్కాడు.

"పొగ మరీ వంకర పోయింది," అని వెక్కిరించింది ఫ్రేనీ.

"గాలి వీస్తోందిలే."

పిండితొట్టి భుజాన పెట్టుకుని దిగేసరికి పొయ్యి రాజుకుని ఉంది. చుట్టూ జనం. పొయ్యి చూసుకునే మోరిట్స్ ఎదురొచ్చాడు.

"వచ్చావా? పొయ్యి నోటి పైన మన్ను పగిలింది, ముందది మెత్తు."

యోడర్ మోచేతుల దాకా మన్ను పూసుకుని మెత్తాడు. చేతులు తుడుచుకుంటుంటే మోరిట్స్ ఒక గోనెసంచి అందించాడు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు.

"ఇది తగిలించుకుని కొట్టం వెనకాల ఉండు. అందరివీ అయ్యాక పిలుస్తాం."

"ఎందుకు?"

"కడుపుతో ఉన్నవాళ్ళున్నారు. నిన్ను చూస్తే వాళ్ళకి నీలాంటి పిల్లలే పుడతారు. ఆమాత్రం తెలీదురా?"

"అయితే నా బిడ్డ మాటేంటి మామా?" ఫ్రేనీ నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. "పొద్దున లేస్తూనే నేను చూసేది ఈ ముఖమే!"

యోడర్ ఆమె వైపు తిరిగాడు. "ఏ బిడ్డ?"

"మన బిడ్డే. మొదటి రొట్టె తుంచి చెబుదామనుకున్నా. వీళ్ళు ఆగనిచ్చారా!"

యోడర్ నవ్వాడు. పెదవి కలవక ఆ నవ్వు ఈలలా వచ్చింది. ఊరు అంతవరకూ దాన్ని వినలేదు. గోనెసంచి మడిచి మోరిట్స్ భుజాన వేశాడు.

"ఉంచుకో మామా. ఇక బొగ్గు కావాలంటే నువ్వే పైకొచ్చి, దీన్లో నింపుకుని మోసుకుపో."

"ఎక్కడ కాల్చుకుంటావురా రొట్టెలు? నీ నెత్తి మీదా?"

యోడర్ పొయ్యి దగ్గరికి నడిచాడు. జేబులోంచి ముద్రచెక్క తీసి, అప్పుడే మెత్తిన తడిమన్నులో పిడి దాకా దిగేలా అరచేత్తో నొక్కాడు. ఎవరూ అడ్డు రాలేదు. తొట్టి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

"చెక్క వదిలేశావేంటయ్యా?" అంది ఫ్రేనీ, దారెక్కుతూ.

"ఏది ఎవరిదో చెప్పడానికే కదా చెక్క. ఆ పొయ్యి కట్టింది నేను." కాస్త దూరం నడిచాక అన్నాడు: "ఈ పూటకి రాతి మీద అట్లు కాల్చుకుందాం. రేపు పొద్దున్నే మన గుమ్మం పక్కన పొయ్యి కడతాను."

"నేను మన్ను తొక్కుతా!"

కింద పొయ్యి నోటి పైన, మన్ను వేడికి తెల్లబడుతూ, బిగుసుకుంటూ, ముద్రచెక్కను గట్టిగా పట్టేసుకుంటోంది.