జానకమ్మాళ్ ఆపిన పేజీ

తమిళ ఊరు తుడియలూరులోని ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గాని, తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. అయినా కృత్తిక చిన్నప్పుడు వాళ్ళవ్వ జానకమ్మాళ్ ఒక తెలుగు బొమ్మల పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ దర్జాగా చదివేది. బొమ్మలు చూసి సొంతంగా అల్లిన కథే అదంతా. ఒక పిల్ల బావి మెట్లు దిగే పేజీ రాగానే అవ్వకు దగ్గు తెర వచ్చేది.

"తక్కింది రేపు సెప్తాను, కన్ను," అని, తమిళంలో ముద్దుగా అలా పిలిచి పుస్తకం మూసేది.

ఒకరోజు అలాగే మూసింది. మర్నాటికి ఆమె లేదు.

కృత్తిక ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున దాచింది. ఆ కథ ఎవరికీ చెప్పలేదు, కన్నకూతురికి కూడా.

ఇరవై ఏళ్ళ తర్వాత, ఇవాళ మధ్యాహ్నం, నాలుగేళ్ళ కూతురు నిత్య దాన్ని బయటికి లాగింది. కృత్తిక గుమ్మంలోనే నిలబడిపోయింది. పిల్ల అక్షరాల కింద వేలు జరుపుతూ అదే కథను అవే మాటల్లో చెబుతోంది. బావి పేజీ దగ్గర ఆగింది. దగ్గింది. తలెత్తి తల్లిని చూసింది.

"తక్కింది రేపు సెప్తాను, కన్ను."

కృత్తిక పక్కనే కూలబడి, పుస్తకం మూయనీయకుండా పట్టుకుంది.

"రేపు వద్దవ్వా. ఇప్పుడే సెప్పు."