కంప్యూటరుకు కుట్టిన చొక్కా

పొద్దున్నే లేచి అత్తగారు చేసే మొదటి పని కంప్యూటరు మీట నొక్కడం. ఆ తర్వాత పళ్ళు తోముకుని, స్నానం చేసి, ఇల్లు ఊడ్చి, కూర తరిగి పొయ్యి మీద పడేసి, ఎదురింటావిడతో వీధి మొత్తానికి సరిపడా కబుర్లు చెప్పుకుని వచ్చి చూస్తే, తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఆలోగా కోడైతే గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లల్ని బళ్ళో కూడా వేసేసేది. ఆ ఇంట్లో కోడి లేదు గానీ.

కంప్యూటరు కోడలిది. ఆ పిల్ల ఇంట్లోనే కూర్చుని కట్టడాలకు ప్లాన్లు గీస్తుంది. తెర మీద కిటికీ గీసిందంటే అందులోంచి గాలి వస్తుంది. తూర్పు కిటికీ అయితే చల్లగా, పడమటిదైతే వెచ్చగా. మబ్బు పట్టిన రోజున ఎదురింటావిడ తడి దుప్పట్లు తెచ్చి కుర్చీల మీద పరిచి, "అమ్మాయ్, ఓ పడమటి కిటికీ గీసిపెట్టు" అనేది. కోడలు గీసేది. ముసలి కంప్యూటరు కదా, గాలి ఎక్కిళ్ళు పెడుతూ వచ్చేది. దుప్పటి ఒక కొస ఆరేది, రెండో కొస ఏడుస్తూ ఉండేది.

దుప్పట్లతో పోతే ఫరవాలేదు. అసలు తంటా అత్తగారు పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డు దగ్గర వచ్చింది. ఊళ్ళో సగంమంది చొక్కాలకు కాలర్లు కుట్టింది ఆవిడే. మిగతా సగం కాలర్లు కాలర్లే కాదని ఆవిడ నమ్మకం. ఆ షెడ్డుకు ఒక్క కిటికీ లేదు. లోపల కూర్చుంటే మనిషి పూర్తిగా ఉడికి బయటికి వస్తాడు. ఆవిడకి ఆయాసం పట్టుకుంది.

"ఇక ఆ షెడ్డులో కాలు పెట్టారంటే నా దగ్గరికి రాకండి" అన్నాడు డాక్టరు.

"మిషను తొక్కకపోతే నా కాళ్ళు ఊరుకుంటాయా బాబూ? రాత్రికి మంచాన్ని తొక్కుతాయి."

అప్పుడే షెడ్డు యజమాని కొత్తది కట్టిద్దామనుకున్నాడు. పెద్ద ఆఫీసు ఇంజినీరు ప్లాన్ ఇచ్చాడు. దాంట్లోనూ కిటికీల్లేవు. అత్తగారు నేరుగా యజమాని ముందుకెళ్ళి, "మా కోడలు గీసింది కూడా చూడండి. నచ్చలేదా, నేనే మానేసి పోతా" అని మాటిచ్చి వచ్చింది. మంగళవారం ఇంటికొస్తానన్నాడాయన.

కోడలు మొదలుపెట్టింది. షెడ్డంటే మాటలా? నాలుగో కిటికీ దగ్గరే కంప్యూటరు బిగుసుకుపోయింది.

"పారేసి కొత్తది కొందాం" అన్నాడు కొడుకు.

"మీ బండి ఆగినప్పుడల్లా పారేశామా? ర్యామ్ పెంచి, పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే ఇదే పరిగెడుతుంది" అంది కోడలు. స్క్రూడ్రైవరు పట్టుకుని తనే పెట్టె విప్పింది. లోపలి దుమ్ముతో జోడు పరుపులు కుట్టొచ్చు. అత్తగారు ఆపరేషను గది బయట నిలబడ్డట్టు నిలబడింది. ర్యామ్ టిక్కుమంటూ కూర్చున్నాకే ఊపిరి వదిలింది.

మీట నొక్కి ఆవిడ వంటింటి వైపు తిరిగిందో లేదో, తెర వెలిగింది!

"ఇదేం చోద్యమే! పళ్ళు కూడా తోముకోనివ్వదా?" అని మురిసిపోయి, వీధి చివరిదాకా వెళ్ళి ఇంటింటికీ చెప్పొచ్చింది. "మా కోడలు కంప్యూటరుకి గుండె మార్చింది. కత్తి కూడా వాడలేదు."

మంగళవారం పొద్దున కోడలు స్నానానికి వెళ్ళగానే అత్తగారికో ఆలోచన వచ్చింది. ఇంత ఘనమైన పెట్టె అతిథి ముందు ఒంటి మీద బట్ట లేకుండా ఉంటుందా? దూది పెట్టి, చుట్టూ కుచ్చులు పెట్టి, దుమ్ము రేణువు కూడా దూరకుండా పెట్టె మీదే బిగించి చొక్కా కుట్టేసింది.

యజమాని వచ్చాడు, చంకలో ఇంజినీరు ప్లానుతో. కోడలు హడావిడిగా వచ్చి, రాత్రే పూర్తిచేసిన తన ప్లాన్ తెరిచింది. మొదటి కిటికీలోంచి పొయ్యి సెగలాంటి గాలి కొట్టింది. తర్వాత అదీ ఆగింది. చక్రం తిరగడం మొదలెట్టింది. పెట్టె మూలుగుతోంది. యజమాని మెడ తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"నాకు పనుందమ్మా."

కోడలు పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కుంది. "అత్తయ్యా! ఫ్యాను గాలి పీల్చుకునే చోటు కుట్టేశారు. ఊపిరాడట్లేదు దీనికి!"

అత్తగారి కుట్టులో వంక చూపినవాళ్ళు అంతవరకూ పుట్టలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. కానీ ఊపిరాడకపోవడమంటే ఏమిటో ఆ గదిలో ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? కత్తెర తీసింది.

"ఎక్కడే?"

"ఇదిగో, ఇక్కడ."

నాలుగు కోతలు. కాలరు కత్తిరించినంత నేర్పుగా, చదరంగా. పెట్టె గుండెలనిండా గాలి పీల్చుకుంది. తెర మీద షెడ్డు బారుగా విచ్చుకుంది, రెండు వైపులా కిటికీలు, ఒకదాని వెంట ఒకటి. గాలి వచ్చింది. ఎక్కిళ్ళు లేని గాలి. పొద్దున ఎదురింటావిడ పరిచిపోయిన దుప్పట్లు ఎగిరి తలుపుకు చుట్టుకున్నాయి. యజమాని చంకలోని ప్లాన్ జారి, గడప దాటి, వీధి వెంట వెళ్ళిపోయింది. దాని వెనకాల ఎవరూ పరిగెత్తలేదు.

యజమాని మళ్ళీ కూర్చున్నాడు. కాలరు గుండీ విప్పుకున్నాడు. ఆ కాలరు తను కుట్టిందేనని అత్తగారు గుర్తుపట్టింది.

"అప్పుడే మూసెయ్యకమ్మా" అన్నాడాయన కళ్ళు మూసుకుని. కాసేపటికి, "ఇదే కడదాం" అన్నాడు.

కొత్త షెడ్డులో అత్తగారి మిషను తూర్పు కిటికీ పక్కనే ఉంది. డాక్టరు ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, అనుమానమొచ్చి తన గొట్టాన్నే దులిపి చూసుకున్నాడు. కోడలు గీసిన ప్లాన్లు ఇప్పుడు ఊరంతా లేస్తున్నాయి. కంప్యూటరు ఆ చొక్కాలోనే ఉంది, కోసిన చోటు చుట్టూ కొత్తగా కుచ్చులు వేయించుకుని.

పనిలో కొత్తగా చేరినవాళ్ళెవరైనా గాలికి ఆశ్చర్యపోతే, అత్తగారు మిషను ఆపకుండానే తల ఎగరేస్తుంది.

"ఈ కిటికీలన్నీ మా కోడలు గీసింది. మొదటిది మాత్రం నేను కత్తిరించా."