అడుగు నుంచి వచ్చిన దరువు

నేను ఒక చెవిని. నేవీ వాళ్ళు పెట్టిన పేరు సోనార్. ఉక్కు డబ్బా, లోపల శబ్దాన్ని పట్టే బిళ్ళలు, పైన పొడవాటి తీగ, అంతే నా ఒళ్ళు. పుట్టింది ఫ్యాక్టరీలో, బతికింది విమానవాహక నౌక మీద, ఒక హెలికాప్టర్ కడుపులో.

ఆకాశం నుంచి వచ్చే ముప్పును నౌక మీది రాడార్లూ యుద్ధవిమానాలూ చూసుకునేవి. నీళ్ళకింది ముప్పు మా వంతు. హెలికాప్టర్ గాల్లో నిలబడి నన్ను చేదలా సముద్రంలోకి దించేది. పదిహేను వందలమంది మనుషులు, కొండంత ఇనుము, అంత దర్పం! అడుగున ఏదో కదిలిందని నేను చెబితే చాలు, అందరి నోళ్ళూ ఎండిపోయేవి.

నేను విన్నది హెడ్‌ఫోన్‌లో వినేవాడు చోడిపల్లి తాతారావు. పూడిమడక జాలరి ఇంట్లో పుట్టినవాడు.

తుపాను వెలిసిన మూడోరోజు, బంగాళాఖాతంలో ఉన్నాం. పట్టపగలే పొగమంచు. నౌక దారిలో జలాంతర్గామి ఉందని అనుమానం. నన్ను దించారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వినిపించింది. టక్ టక్. కాసేపాగి, టక్.

"లోపల ఎవరో సుత్తితో ఏదో బాగుచేస్తున్నారు. జలాంతర్గామే" అన్నాడు పైలట్ నంబియార్. "టార్పెడో సిద్ధం చెయ్యండి."

తాతారావు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తప్పించాడు. "వద్దు సార్. ఇది మా వాళ్ళ దరువు. చేపల్ని వలలోకి తోలడానికి పడవని ఇలాగే కొడతారు."

"నీ మాట తప్పైతే?"

"తప్పైతే మన నౌక మునుగుతుంది సార్. తెలుసు. ఒక్కసారి దగ్గరికెళ్ళి చూద్దాం."

నంబియార్ ఐదు నిమిషాలిచ్చాడు. నన్ను పైకి లాగి శబ్దం వచ్చినవైపు వెళ్ళారు. మంచులో, అలలకి జానెడు పైన, బోర్లాపడ్డ మరబోటు వీపు కనిపించింది.

నౌక నుంచి ఇంకో హెలికాప్టర్ గజ ఈతగాళ్ళని తెచ్చింది. జలాంతర్గామి అనుమానం తీరలేదు కాబట్టి మమ్మల్ని కాస్త దూరంగా నిలబడి, నన్ను మళ్ళీ నీళ్ళలోకి దించి వింటూ ఉండమన్నారు. ఈతగాళ్ళు కేబిన్‌లోంచి ఒకతన్ని బయటికి లాగారు. భావనపాడు మనిషి, మైలపల్లి గురువులు. లోపల చిక్కిన గాలితో మూడురోజులు బతికాడు. అన్న పెంటయ్య మొదటిరోజే పోయాడనీ, ఇంకెవరూ లేరనీ చెప్పాడట.

ఆ మాట రేడియోలో వస్తుండగానే, టక్ టక్. కాసేపాగి, టక్.

తాతారావు అరిచాడు, "సార్, లోపల ఇంకా ఉన్నారు! మళ్ళీ దిగమనండి!"

దిగబోయారు. అప్పటికే గాలంతా బుడగలుగా వెళ్ళిపోయి బోటు మునిగింది. ఈతగాళ్ళు అందుకోలేకపోయారు.

నేను వింటూనే ఉన్నాను. దరువు కిందికి వెళ్ళింది. యాభై మీటర్లు. వంద. ఊపిరున్నవాడెవడూ చెయ్యెత్తలేని లోతు అది. అయినా దరువు తప్పలేదు. అలసట లేదు, తొందర లేదు. నా డబ్బాకి భయం ఉండదంటారు. ఆరోజు నన్ను పైకి లాగితే బాగుండుననిపించింది. తాతారావు లాగలేదు. అది నాకు కూడా అందనంత దూరం పోయేదాకా విని, హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రిపోర్టులో ఆ సంగతి రాయలేదు.

ఇప్పుడు నేను స్టోర్ రూమ్‌లో గుడ్డ కప్పుకుని ఉన్నాను. నీళ్ళు లేవు, వినడానికేమీ లేదు. ఆ సాయంత్రం మాత్రం నాతోనే ఉంది. నౌక మీద నన్ను మంచినీళ్ళతో కడుగుతున్నాడు తాతారావు. గురువులు కంబళి కప్పుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"బాబూ, నాను కొట్టింది నీకెలాగ ఇనపడింది?"

తాతారావు నన్ను చూపించాడు. గురువులు నా డబ్బామీద చెయ్యి వేశాడు.

"మా అన్న పోయాడనే అనుకున్నాను బాబూ. సీకట్లో వొళ్ళు తడిమితే సల్లగా ఉంది. నానొక్కడినే కొట్టాను గదా? ఇంకెవులిదీ ఇనపడలేదు గదా?"

నీళ్ళ గొట్టం ధారగా కారుతోంది. తాతారావు దాన్ని ఆపలేదు.

"లేదన్నా. నీదొక్కటే" అన్నాడు.